రూతమ్మకు తేనె టైము

రిటైర్మెంటుకు మూడేళ్లుందనగా, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను మార్కాపురం వైపు ఒక ఆసుపత్రిలో కీమో డేకేర్ వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. డేకేర్ అంటే రోగి పొద్దున బస్సు దిగి వచ్చి, డ్రిప్పు ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయే వార్డు. క్యాన్సర్ డాక్టరు సోమవారం ఒక్కరోజే వచ్చేవారు. మిగతా రోజుల్లో వార్డు నాది. ఆ మాట నేను కాస్త గర్వంగానే అంటాను.

కీమో మందు చెడ్డ కణాలతోపాటు నోటిలోని లేత పొరనూ దెబ్బతీస్తుంది, పుండ్లు లేస్తాయి. డాక్టరు రాకముందే ప్రతి నోరూ టార్చి వేసి చూసి గ్రేడు రాయడం నా పని. ఎరుపెక్కి మంట మాత్రమే ఉంటే ఒకటి. పుండున్నా అన్నం మింగగలిగితే రెండు. నీళ్లూ మజ్జిగా తప్ప దిగకపోతే మూడు. అవీ దిగకపోతే నాలుగు. మూడు వచ్చిందంటే ఆ విడత డ్రిప్పు వాయిదా పడుతుంది.

రూతమ్మకు మూడు వచ్చింది. కొనకనమిట్ల దగ్గరి పల్లె, మిరపకోతలకు పోయే మనిషి, నలభై దాటాయి, రొమ్ము క్యాన్సర్. రెండు విడతలకే గడ్డ బాగా కరిగింది. మూడో విడత ఆ సోమవారం ఎక్కాలి. నోరు తెరిపిస్తే నాలుక అంచులూ బుగ్గల లోపలా తెల్లగా పుండ్లు. డాక్టరు వారం వాయిదా వేసి, వచ్చే సోమవారానికీ తగ్గకపోతే డోసు తగ్గించక తప్పదన్నారు. డోసు తగ్గిస్తే గడ్డ మళ్లీ పెరగొచ్చని రూతమ్మకూ తెలుసు. "ఇంత దూరం వచ్చినాక ఆగిపోతే ఎట్లక్కా" అంది. ఆ ఒక్క మాటకే నొప్పితో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ పుండ్లకు తేనె కొంత మేలు చేస్తుందని నర్సింగ్ పత్రికల్లో చదివి, నెల కిందటే శుద్ధి చేసిన తేనె ఒంగోలు నుంచి బస్సు పార్శిల్లో తెప్పించి అల్మరాలో పెట్టాను. డాక్టరు "చూద్దాం సిస్టర్" అంటూ దాటవేస్తూ వచ్చారు. ఆ రోజు నేను వదల్లేదు. ఆయన షరతులు పెట్టి ఒప్పుకున్నారు. రోగికి షుగరు ఉండకూడదు. ముందు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. తర్వాత చెంచాడు తేనె నోరంతా తిప్పి, రెండు నిమిషాలు ఆపి, మెల్లగా మింగాలి. అరగంట ఏమీ తాగకూడదు. ఇలా రోజుకు నాలుగుసార్లు.

తేనె మాట వినగానే రూతమ్మ భర్త యేసోబు సంచిలోంచి ఒక సీసా తీశాడు. గిద్దలూరు బంధువులు పంపిన నల్లమల అడవి తేనె, పైన మైనం ముక్కలు తేలుతున్నాయి. నేను వద్దన్నాను. కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషికి శుద్ధి చేయని తేనెలోని క్రిములు ప్రమాదం. యేసోబు ముఖం మాడ్చుకున్నాడు. నల్లమల తేనెకు వంక పెట్టిన మనిషిని ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. వైద్యం పూర్తయ్యాక తీసుకురమ్మనీ, అందరం కలిసి తిందామనీ సర్దిచెప్పి, రోజుకు నాలుగు గడులున్న కార్డు ఒకటి గీసి చేతిలో పెట్టాను. తేనె వేసుకున్నప్పుడల్లా గడిలో టిక్కు పెట్టాలి.

గురువారం రక్తపరీక్షకు వచ్చారు. నోరు ఏమాత్రం తగ్గలేదు. నా తేనె నన్ను ముంచిందనుకున్నాను. కార్డు చూస్తే రాత్రి గడుల్లోనే టిక్కులున్నాయి, పగటివన్నీ ఖాళీ. ఒళ్లు మండి గట్టిగానే అడిగాను.

"ఉపవాసంలో ఉన్నానక్కా" అంది రూతమ్మ. "మాత్రలైతే నీళ్లతో వేసుకుంటన్నా. తేనె తీపి గదా, అది తిండే అయితది."

సంగతి యేసోబు చెప్పాడు. ఆమె డ్రిప్పు ఆగకూడదని చర్చిలో అందరూ ఆదివారం దాకా ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారట. పగలంతా మంచినీళ్లే, సాయంత్రం ప్రార్థనయ్యాక గంజి. ఊరు తన కోసం పస్తుంటే తాను తేనె తినడానికి ఆమెకు మనసొప్పలేదు. నా కోపం ఆమె మీంచి నా మీదికి మళ్లింది. షుగరు ఉందా అని అడిగాను, పొగాకు అడిగాను, కట్టుడు పళ్లు అడిగాను. ముప్పై ఏళ్లకు పైబడ్డ సర్వీసులో ఉపవాసం సంగతి అడగాలని ఒక్కసారీ తోచలేదు.

ఎంత చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊపింది. యేసోబు ఫోన్లోంచే వాళ్ల పాస్టర్ అయ్యగారికి చేసి విషయమంతా చెప్పాను.

"ఆమె ఉపవాసం మేం ఉంటాం సిస్టర్" అన్నారు. "ఆమె తేనె ఆమె తినాల. టైములేందో చెప్పండి."

రూతమ్మకు ఫోనిచ్చాను. విని, కళ్లు తుడుచుకుని, సరేనంది.

మర్నాడు సాయంత్రం ఐదుకు యేసోబుకు ఫోన్ చేశాను. ఆయన గొంతు వెనక చర్చి మైకు మోగుతోంది: "రూతక్కా, తేనె టైమైంది. ముందు ఉప్పునీళ్లు." వార్డులో అందరూ చూస్తున్నా పకపకా నవ్వేశాను. రోజుకు నాలుగుసార్లూ మైకేనట. పుక్కిలించిందా లేదా అని పక్కింటి ముసలమ్మ వచ్చి చూసిపోతోందట. అంత గట్టి డ్యూటీ నా వార్డులో నేనూ చేయించలేదు.

సోమవారం టార్చి వేసి చూశాను. పుండ్లు మానాయి, ఎరుపు మాత్రం మిగిలింది. ఒకటి అని రాశాను. డాక్టరు నమ్మక, టార్చి నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూశారు. రూతమ్మ ఆయన ఎదురుగానే టిఫిన్ డబ్బా విప్పి ఇడ్లీ తినడం మొదలుపెట్టింది. "ఫుల్ డోసు పెట్టండి సిస్టర్" అన్నారాయన. ఆ రోజు సూది గుచ్చుతుంటే నాకు పండగలాగే ఉంది. తేనె ఒక్కటే ఇదంతా చేసిందని నేననను. రక్తకణాలు కోలుకోవడమూ కలిసొచ్చింది. కానీ ఆ తర్వాతి విడతలన్నిటికీ మొదటి రోజు నుంచే తేనె మొదలుపెట్టాం, ఒక్కటీ వాయిదా పడలేదు. గడ్డ ఆపరేషన్‌కు లొంగింది.

వైద్యమంతా ముగిసి, కణాలు కోలుకున్నాక యేసోబు ఆ సీసా పట్టుకుని వచ్చాడు. మొదటి చెంచా డాక్టరే అడిగి తిన్నారు. రూతమ్మ మాత్రం ముట్టుకోలేదు. "నాకొద్దక్కా, మైకులో తిన్నది చాలు" అంది.

నోటి పరీక్ష ఫారంలో షుగరు గడి కింద, ఉపవాసం సంగతి బయటపడ్డ ఆ గురువారమే, నా చేత్తో ఇంకో గడి గీశాను: ఈ వారం ఉపవాసాలేమైనా ఉన్నాయా? శనివారమైనా, రంజానైనా, ప్రార్థన ఉపవాసమైనా. నేను రిటైరయ్యాక ఇప్పుడా గడి ఫారంలోనే అచ్చయి వస్తోందని విన్నాను. ఏ మందు వేయాలో డాక్టరు రాస్తారు. ఎవరి మాట మీద అది రోగి నోట్లోకి వెళుతుందో కనుక్కోవడం నర్సు పని.