కుర్చీల కింద మా సార్ ల్యాబ్

మా కెమిస్ట్రీ సార్ పోయారు. జనగామ బస్టాండులో పాత క్లాస్‌మేట్ కనబడి చెప్పాడు. "సార్ పోయిండ్రు. రేపు కాలేజీల సంతాప సభ."

"గా కాలేజోళ్లు ఏ ముఖం వెట్టుకొని వెడ్తున్నరు?" అన్నాను. కోపంతోనే వెళ్లాను. ఇది రాస్తున్నదీ ఆ కోపంతోనే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మూతబడ్డ కాలేజీ మళ్లీ తెరిచాక మేం ఇంటర్లో చేరాం. ప్రయోగాలు వద్దు, థియరీ చాలన్నాడు ప్రిన్సిపాల్. సార్ వినలేదు. సోడియం అసిటేట్ నుంచి కార్బాక్సిల్ సమూహాన్ని తొలగించి మీథేన్ తీయాలంటే సోడా లైమ్ కావాలి. అది ల్యాబ్‌లో లేదు. మేం తెలివిగా ఇంటికి వేయగా మిగిలిన సున్నం తెచ్చాం.

"గోడకేసే సున్నం గాలి తాగింది బిడ్డా. గిది పనికిరాదు, బట్టీది గావాలె."

మర్నాడు సారే రఘునాథపల్లి నుంచి రైల్లో బట్టీ సున్నం మూటతో దిగారు. కాస్టిక్ సోడా నీళ్లు పోసి, పెనం మీద ఎండబెట్టి సోడా లైమ్ ఆయనే చేశారు. వేడి చేస్తే గ్యాస్ వచ్చి నీలంగా మండింది. దాన్ని సున్నపు తేటలోకి పంపితే మాత్రం తెల్లబడలేదు.

"కార్బన్ డయాక్సైడ్ ఊడాలె గద? ఏడికి వాయె?"

"పోయింది సార్," అన్నాను.

"పోవుడేంది? ఏదీ గట్ల మాయం గాదు. నాళికల మిగిలిన గీ తెల్లపొడి దాసుకున్నది. ఆసిడ్ పొయ్యి, కక్కుతది."

పోశాను. బుసబుస పొంగింది. ఆ గ్యాస్‌కు సున్నపు తేట తెల్లబడింది. మాకంటే సారే ఎక్కువ సంబరపడ్డారు.

కొన్నేళ్లకు ప్రిన్సిపాల్ ఆ ల్యాబ్‌కు తాళం వేశాడు. ఎందుకు? ఫంక్షన్ల కుర్చీలు పెట్టుకోవడానికి! ప్రాక్టికల్స్ మార్కులు ఊరికే వేసేవాడు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు పరీక్షనాళిక ముట్టకుండానే పాసై, పైచదువుల్లో ల్యాబ్ చూసి బిక్కచచ్చిపోయారు. సార్ తాళంచెవి అడిగి అడిగి రిటైరయ్యారు. "ఒక్క గంట తియ్యమనుండ్రి" అని దారిలో కనబడ్డ మమ్మల్ని కూడా బతిమాలేవారు. అంతటి మనిషిని అట్లా తిప్పించుకున్నారు, థూ!

సభలో అదే ప్రిన్సిపాల్ ఫొటోకు దండ వేసి, "ల్యాబే ఆయన ప్రాణం" అన్నాడు. ఆ ల్యాబ్‌లోంచి తెచ్చిన కుర్చీలోనే వెళ్లి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచాను.

"ప్రాణమని తెలిసే తాళమేసిండ్రా సార్?"

సభయ్యాక కుర్చీలు మళ్లీ ల్యాబ్‌లోకి మోస్తుంటే, పాత విద్యార్థులం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాం. "పెట్టనియ్యం" అన్నాం. కుర్చీలు వరండాలోనే ఉండిపోయాయి.

నేను లోపలికి వెళ్లాను. దుమ్ముకొట్టుకుపోయిన స్టాండులో ఒక నాళిక, అడుగున తెల్లపొడి. బల్ల కింద సీసాలో ఇంకా కాస్త ఆసిడ్ ఉంది. కొన్ని చుక్కలు వేశాను.

బుసబుస పొంగింది.