అంచు ఎక్కడ ఆగాలి

పోయిన నెల కరీంనగర్‌లో పరీక్ష రాసి హాస్టల్‌కు వచ్చేసరికి, చెన్నూరులో మా పెద్దబాపు, నాన్నకు అన్న, చనిపోయాడని ఫోన్ వచ్చినట్టు వార్డెనమ్మ చెప్పింది.

ఆయన మీకు తెలియదు. దర్వాజలు చేసే వడ్లాయన. జేబులో టేపున్నా జానతోనే కొలిచేవాడు. టేకు కర్ర తాకే ముందు వాసన చూసేవాడు. దర్వాజ నిలువు కర్రల అంచును ఏటవాలుగా చెక్కుతూ వచ్చి, అడ్డకర్ర కలిసే అతుకుకు జానెడు ముందే ఆపేవాడు. అతుకు దగ్గర కర్ర నిండుగా ఉండాలి, లేకుంటే సందు పడుతుంది. "చెక్కుడు అందరికొస్తది బిడ్డా, ఆపుడే రాదు" అనేవాడు.

చూపు మందగించాక ఒక పటేలు ఇంటి దర్వాజ ఒప్పుకున్నాడు. "నీ కంప్యూటర్ల గీయి, అంచు మాత్రం అతుకుకు ముందే ఆపు. మిషన్ల కోపిద్దాం" అన్నాడు. నేను పాలిటెక్నిక్‌లో, కంప్యూటర్‌ మీద నమూనాలు గీసే క్యాడ్ అప్పుడే నేర్చుకుంటున్నాను. అందులో అంచును ఎంచుకుని ఆదేశమిస్తే ఈ కొన నుంచి ఆ కొన దాకా ఏటవాలైపోతుంది. మధ్యలో ఆపాలంటే, తీసేయాల్సిన ముక్కను విడిగా గీసి కర్రలోంచి తొలగించాలి. నాకది రాలేదు. రాదని చెప్పడానికి నామోషీ. ఏటవాలు కొన దాకా పోయినట్టే గీసి, ప్రింటు తీసి ఇచ్చాను. మిషన్ అట్లాగే కోసింది.

బిగిస్తే రెండు మూలల్లో బొటనవేలు దూరేంత సందు.

"కండ్లు కనవడనోనివి ఎందుకు ఒప్పుకున్నవ్? టేకంత ఖరాబ్ జేస్తివి గదనే!" అని ఇంటి పటేలు పదిమందిలో అరిచాడు.

పెద్దబాపు నా వైపు చూడనైనా లేదు. "నేనే గట్ల గీయమన్న పటేలా. తప్పు నాదే."

నేను ప్రింటును మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయనను ఎవరూ పనికి పిలవలేదు.

అంచును ఆపడం ఆర్నెల్లకు నేర్చుకున్నాను. కొత్త ప్రింటుతో, అప్పటికే మంచం పట్టిన పెద్దబాపు దగ్గరికి వెళ్తే, "గీతలు కనవడ్తలేవు, మాటలల్ల చెప్పు" అన్నాడు. కింద జానెడు నిండు కర్ర, అక్కడి నుంచి మెల్లగా ఏటవాలు, పైన అతుకు రాకముందే మళ్లీ నిండు కర్ర... ఒక్కో మాటా ఏరుకుని చెప్పాను. మాటతో కూడా కర్ర చెక్కవచ్చని ఆ రోజే తెలిసింది.

"గిప్పుడొచ్చింది నీకు" అన్నాడు.

పటేలుకు నిజం చెప్తానన్నాను. "జర ఊకో. సదువుకునే పిల్లవు, నీ పేరెందుకు పాడుజేసుకుంటవ్?" అన్నాడు.

ఆయన బతికుండగా ఊరుకున్నాను. పదోనాడు దినానికి పటేలు వచ్చి పెద్దబాపు ఫోటో ముందు కూర్చుంటే చెప్పేశాను. "ఆపమనే చెప్పిండు. నాకే రాలే."

"గా మాట గప్పుడే అనకపోతివి" అన్నాడు పటేలు.

తర్వాత పక్కనున్న నూనె గిన్నె తీసుకుని ఫోటో ముందరి దీపంలో పోశాడు. ప్రమిద నిండి గచ్చు మీదికి పారుతున్నా, ఆపడం మరిచి పోస్తూనే ఉన్నాడు.