నాయన కొన్న మడత చాకు

మా వంటింటి సొరుగులో ఒక మడత చాకు ఉంది. తెరిచినప్పుడల్లా ముందు ఆముదం వాసన వస్తుంది, ఆ వెనకే పాత కొమ్ముపిడి వాసన, వానకు తడిసిన ఎద్దు ఒంటి వాసనలాంటిది, సన్నగా ముక్కుకు తగులుతుంది. మొన్న మా అబ్బాయి బజారు నుంచి కొత్త చాకు ఒకటి తెచ్చాడు. అట్టకు అతికించి, పైన గట్టి ప్లాస్టిక్ పొర వేసి ఉంది. తల్లీకొడుకులం ఎంత గింజుకున్నా ఆ పొర చిరగలేదు. చివరికి పాత చాకును బయటికి తీసి, ఎప్పటిలాగే దాన్ని తెరవడానికి కాసేపు తంటాలు పడి, దానితో పొర కోసి కొత్తదాన్ని విడిపించాం. ఈ పాత చాకు నా చేతికి ఎన్నడూ సరిగ్గా లొంగలేదు. చాకును తెరిచి చూడకుండా అట్ట మీది రాతలు చదివి కొనుక్కోవడం నాకు వింతగా తోచింది.

యాభైల నాటి మాట ఇది. మాది ఆత్మకూరుకు బండిదారిన పోయే పల్లె. మీసం మొలిచిన మగవాడి మొలతాడుకు చాకు వేలాడకపోతే అతను పంచె మరిచి వీధిలోకి వచ్చినట్టు చూసేవాళ్ళు. పొద్దున వేపపుల్ల కోసుకోవడంతో దాని పని మొదలయ్యేది. జొన్నకోతల్లో తీపి దంట్లు చెక్కి పిల్లలకు ముక్కలు పెట్టడానికి, శెనక్కాయ పీకేటప్పుడు అరికాలిలో విరిగిన తుమ్మముల్లు లాగడానికి, ఎండాకాలం పుల్లమామిడిని చీల్చి ఉప్పూకారం అద్దడానికి, ఎద్దు మెడకు పలుపు బిగుసుకుంటే ముడి విప్పే వ్యవధి లేక తెంపడానికి అదే చాకు. మధ్యాహ్నం చేని గట్టున సద్దిమూట విప్పితే జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, పక్కన ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ఉండేవి. ఎర్రగడ్డను పిడికిలితో గుద్ది తినేవాళ్ళు కొందరు, చాకుతో నాజూకుగా చీలికలు చేసుకునేవాళ్ళు కొందరు. మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, రెండో రకం. ఆ చాకుతోనే ముల్లు తీసి, పంచె చెంగుకు తుడిచి, మళ్ళీ ఎర్రగడ్డ కోసేవాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆడవాళ్ళకు కొడవలీ కత్తిపీటా తప్ప మడిచే కత్తి ఉండేది కాదు. నాకూ ఒకటి కావాలని నేను మారాం చేస్తే, "నువ్వు యాడ తగిలిచ్చుకుంటావే?" అని నవ్వేవాళ్ళు.

చాకు విషయంలో మా ఇంట్లో ఒక నియమం ఉండేది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇవ్వకూడదు. అడిగినవాడి ముందు నేల మీద పెట్టి చెయ్యి వెనక్కు తీసుకోవాలి, అతను వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ తగువు పడుతుందని మా అవ్వ గట్టిగా నమ్మేది. ఉప్పు దగ్గరా ఇదే పట్టింపు ఉండేది కానీ, ఉప్పు విషయంలో ఆమె చూసీ చూడనట్టు పోయేది. చాకు విషయంలో మాత్రం పనిలో ఉన్న మగవాళ్ళను కూడా ఆపి, కింద పెట్టించి, మళ్ళీ ఎత్తుకోమనేది.

మా నాయన, చిన్నాయన ఇద్దరే అన్నదమ్ములు. నాయన మాట పొదుపు. ఆయన నోటి నుంచి రెండో వాక్యం రావాలంటే మొదటిది అరిగి ఉండాలి. చిన్నాయన అందుకు పూర్తిగా వేరు, గొడ్లతో కూడా కబుర్లు చెప్పేవాడు. ఆముదపు కాడతో ఊదే పీకలు, జొన్నదంటు బెండుతో బండ్లు చేసిచ్చేవాడు. పెద్దవాళ్ళందరిలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి ఆయనే. ఆయనది ఎడమచేతి వాటం. అవ్వ కొట్టీ తిట్టీ అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పింది. మిగతా పనులన్నీ పురచేత్తోనే, ఎడమ చేతిని మేం అలాగే అనేవాళ్ళం. అబ్బ చాకు మాత్రం ఆయనకు లొంగేది కాదు. మడత చాకు అలుగుకు, అంటే పిడిలోకి మడిచే కోత రేకుకు, వీపు దగ్గర గోరు పెట్టి లాగడానికి చిన్న గాడి ఉంటుంది. అది ఒక వైపే ఉంటుంది, కుడిచేతివాళ్ళ బొటనవేలు పడే వైపు. చిన్నాయన దాన్ని తలకిందులుగా తిప్పి తెరవబోయి ఒకసారి అరచెయ్యి కోసుకున్నాడు. ఆ మచ్చ మీద వేలు పెట్టి అడిగితే, ఎలుగుబంటి గీరిందని నాకు చెప్పేవాడు.

అబ్బ పోయాక పొలం పంచుకున్నారు, గొడ్లను పంచుకున్నారు, గంగాళాలూ చెంబులూ పంచుకున్నారు. చాకు ఒక్కటే మిగిలింది. కళ్ళంలో, అందరూ ఎండకు మాడి ఉన్న వేళ, నాయన దాన్ని "నువ్వే పెట్టుకో" అని తమ్ముడి చేతికి ఇచ్చేశాడు. చిన్నాయన అలవాటు కొద్దీ పురచేత్తో అందుకున్నాడు. అవ్వ దూరంగా చేట పట్టుకుని ఉంది, అరిచినా వాళ్ళకు వినపడలేదు. తర్వాత ఎండలు ముదిరి బావిలో నీళ్ళు అడుగంటాయి. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలే వంతు ఎవరిదన్న దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. నీళ్ళు చాలకపోవడమే కారణమని ఇప్పుడు నేను అంటాను. అవ్వ మాత్రం చావుదాకా కారణం చాకేనంది. చిన్నాయన ఆ చాకును తెచ్చి మా గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాకిట్లో మట్టిగోడ లేచింది, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. చాకును అవ్వ గూట్లో పెట్టింది, ఎవరూ తాకలేదు, అది తుప్పు పట్టసాగింది. గోడ అవతల ఆముదపు పీక మోగితే నాకు ఏడుపు వచ్చేది. నా కోసమే ఊదుతున్నాడని తెలుసు, గోడ దాకా పోయి తిరిగి వచ్చేదాన్ని.

ఆ మాఘంలో నాయన నన్ను ఆత్మకూరు సంతకు తీసుకుపోయాడు. నాకు గాజులు, ఆయనకు చాకు అని చెప్పాడు. సంత నిండా ఎండుమిరప ఘాటు, బెల్లం వాసన, చెంచులు అడవి నుంచి తెచ్చిన తేనె, కుంకుళ్ళు. దస్తగిరి సాయిబు గోనెపట్ట మీద చాకులు పరిచి, ఆముదం గుడ్డతో తుడుస్తూ కూర్చుని ఉన్నాడు. పాత లారీల కమాను పట్టీలు కొట్టి అలుగులు తీసేవాడు. పిడికి గేదెకొమ్మో చండ్రకర్రో వేసి ఇత్తడి మేకు దిగగొట్టేవాడు.

చాకు చూడటం మా నాయనకు పండగ. ముందు మూసి ఉన్నదాన్ని ఎండకేసి ఎత్తి, అలుగుకూ పిడికీ నడుమ వెలుతురు కనిపిస్తుందేమో చూస్తాడు. తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని మూస్తాడు. పలికితే టక్కుమని పలకాలి, నసిగితే లోపలి పట్టీ చచ్చుదన్న మాట. అలుగును అటూ ఇటూ కదిపి చూస్తాడు, పళ్ళు ఊడేవాడి పన్నులా ఆడితే పక్కన పడేస్తాడు. మూసినప్పుడు పదును పిడి అడుగుకు తగులుతుందో లేదో గోరు దూర్చి చూస్తాడు, తగిలేది తనను తానే మొద్దుచేసుకుంటుందని. చివర ముంజేతి వెంట్రుకల మీద ఒక గీత. ఇదంతా నాకు ముందే తెలుసు. ఆ రోజు మాత్రం అన్ని పరీక్షలూ నెగ్గిన చాకులను కూడా ఆయన పక్కన పెట్టేస్తున్నాడు. గాజులవాళ్ళు బుట్టలు సర్దుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది.

"ఏమప్పా, చాకు చూస్తాండావా, పిల్లనిచ్చేదానికి అల్లున్ని చూస్తాండావా?" అన్నాడు సాయిబు.

నాయన నవ్వలేదు. ఇంకో చాకు ఎత్తుకుని తెరిచాడు. అప్పుడు చూశాను. పిడిని కుడిచేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలి గోటితో అలుగును వెతుకుతున్నాడు. గోరు జారిపోతోంది. చాకు కింద పెట్టాడు, ఇంకోటి తీశాడు, మళ్ళీ అదే తిప్పలు.

"గాడి అటు పక్క ఉండేది ల్యాదా?" అన్నాడు.

"నీది కుడిచెయ్యే గదప్పా?"

"ఉంటే చూపీ."

సాయిబు వెనక రేకుపెట్టె కెలికి కొమ్ముపిడి చాకు ఒకటి తీశాడు. "ఎవురో పురచేతాయన చెప్పి చేపిచ్చుకున్యాడు. మల్లా రాల్యా," అని గోనెపట్ట మీద పెట్టాడు. నా గాజుల సంగతి ఆ క్షణంలో మరిచిపోయాను. దొరికిందే చాలునని నాయన తీసుకుంటాడనుకున్నాను. ఆయన దాన్నీ ఎండకు ఎత్తాడు, చెవి దగ్గర మూశాడు, కదిపాడు. కొంచెం ఆడుతోందని సాయిబు చేత మేకును మళ్ళీ కొట్టించి బిగించాకే తీసుకున్నాడు. బండిలో వస్తూ, "ఎవురికి నాయనా?" అని తెలిసే అడిగాను. "బండి తోలనీ," అన్నాడు.

ఇంటి దగ్గర అవ్వ దాన్ని తెరిచి, గాడి మీద గోరు ఆనించి చూసి, ఆముదం పూసి పాతదాని పక్కన పెట్టింది. రోజులు గడిచాయి. నాయన దాన్ని తీయలేదు. నేనే రోజూ ఆ గూట్లోకి తొంగిచూసేదాన్ని. "నేను తీస్కపోయి ఇస్తా అవ్వా," అని బతిమాలాను.

"నువ్విస్తే నువ్విచ్చినట్లయితాది. వాడే ఇయ్యల్ల," అంది అవ్వ.

శివరాత్రికి ఊళ్ళోవాళ్ళు కాలినడకన శ్రీశైలం బయలుదేరారు. ఆత్మకూరు దాటితే అంతా నల్లమల అడవే. ఎలుగులూ చలిజ్వరాలూ ఉన్న దారి. పోయేవాళ్ళు పెద్దల కాళ్ళకు మొక్కి, అలిగినవాళ్ళతో మాట కలుపుకుని పోవడం వాడుక. ఆ ఏడు చిన్నాయన కూడా పోతున్నాడు. పొద్దున్నే బొరుగులమూట భుజాన వేసుకుని వచ్చి అవ్వకు మొక్కాడు. గుమ్మంలో నిలబడి ఉన్న నాయన వైపు తల తిప్పలేదు. వీధిలోకి దిగి గుంపులో కలిశాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

నాయన లోపలికి పోయి చాకు తెచ్చాడు. గుంపును దాటి ముందుకు నడిచి, వంగి, నడివీధిలో దుమ్ము మీద దాన్ని పెట్టి, పక్కకు జరిగి నిలుచున్నాడు.

"దావలో కంప శానా ఉంటాది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

గుంపు ఆగింది. చిన్నాయన చాకు దాకా వచ్చి నిలబడిపోయాడు. దాన్ని దాటి నడిచాడంటే ఇక మా వాకిట్లోకి ఎన్నటికీ రాడని నాకు తెలుసు. అవ్వ నా భుజం పట్టుకుంది, వేళ్ళు నొప్పిపుట్టేలా నొక్కుతోంది. చిన్నాయన వంగి చాకు తీసుకున్నాడు. అలవాటుగా తలకిందులు చేయబోయి ఆగాడు. ఎడమ బొటనవేలు నేరుగా గాడిలో పడింది. అలుగు టక్కుమని తెరుచుకుంది. మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఇది నా చేతికి చేసినట్లుండాదే, అన్నా?"

"చూసి తెచ్చినా," అన్నాడు నాయన.

అంతే. కౌగిలింతలు మా వంశంలో లేవు. చిన్నాయన క్షేమంగా తిరిగి వచ్చాడు. వాకిట్లో గోడ అలాగే ఉంది, నీళ్ళ వంతు మీద ప్రతి ఎండాకాలం ఇద్దరూ బావి దగ్గర అరుచుకున్నారు. కానీ అరుచుకున్నారు, మాటలు మాత్రం మానుకోలేదు, ఆ అరుపులు వింటూ నేను హాయిగా నిద్రపోయేదాన్ని. చిన్నాయన పోయాక పిన్నమ్మ ఈ చాకును తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది.

ఆ బావి పూడిపోయింది. కపిల తోలే ఎద్దులూ పోయాయి, గోడకు అటూ ఇటూ ఉన్న మిద్దెలూ కూలిపోయాయి. ఆత్మకూరు సంతలో గోనెపట్ట పరిచి చాకులమ్మేవాళ్ళు నాకు కనబడి చాలా కాలమైంది. చాకును చెవి దగ్గర మూసి చూసుకునే మనిషిని నాయన తర్వాత నేను చూడలేదు.

మొన్న కొత్త చాకు బయటపడ్డాక మా అబ్బాయి పాతదాని కోసం చెయ్యి చాపాడు. నేను బల్ల మీద పెట్టాను, వాడు తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూసి, "గాడి తప్పు వైపు పెట్టారమ్మా, అందుకే నీకింత తిప్పలు. ఎవరో చూసుకోకుండా కొన్నట్టున్నారు," అని మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"చూసే తెచ్చినారు," అన్నాను. చాకు తీసుకుని, సంతలో నాయన పట్టుకున్నట్టే పిడిని కుడిచేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలి గోరు గాడిలో ఆనించి మెల్లగా తెరిచాను.