తలుపు లేని బోనులు

నష్టం మనిషిని మెత్తబరుస్తుందని చాలామంది నమ్మకం. నష్టపోయినవాణ్ణి పలకరించడానికి వెళ్ళేవాళ్ళు ఆ నమ్మకంతోనే వెళతారు; అతను కాస్త వంగి కనిపిస్తే తృప్తిగా తిరిగొస్తారు. మా వీధి చివర రేకుల షెడ్డులో వెల్డింగు పని చేసే మనిషి విషయంలో ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో చెప్పాలి.

పనిలో అతనికి వంక పెట్టలేం. గేటు చేసినా, కిటికీకి చువ్వలు బిగించినా, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఆ మాట ఇతరులు అంటే వినడం అతనికి ఇష్టం. ఎవరూ అనకపోతే తనే అనేవాడు.

తండ్రి పోయాక ఊరి బయట కొండవాలు అతనికీ, బట్టలు కుట్టి బతికే చెల్లెలికీ చెరిసగం వచ్చింది. ఇద్దరూ బేరిపండు మొక్కలు నాటారు. వాటికి అంట్లు తండ్రి పెంచిన ముసలి చెట్టువే. ఆ చెట్టు గాలివానకు కూలిపోయింది కనుక, తండ్రి చేతి పండు మళ్ళీ తినాలంటే ఈ మొక్కలే దిక్కు.

మొదటి చలికాలంలోనే అడవిలోంచి దుప్పులు దిగాయి. చివుళ్ళు కొరికాయి, కొమ్ములతో బెరడు గీకాయి. వెల్డరుకు కోపం వచ్చింది. అతని కోపం ఎప్పుడూ ఇనుములోకే పోయేది. ప్రతి మొక్కకూ మనిషెత్తు బోను చేసి, కాళ్ళు నేలలో లోతుగా దించాడు. దుప్పి మూతి దూరకుండా రెండు వేళ్ళ సందుతో జాలీ బిగించాడు. కలుపు మొలవకూడదని, వేర్లకు చలి తగలకూడదని మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి దట్టంగా కూరి, నాలుగు వైపులా అక్కడికక్కడే అతికేశాడు.

“తలుపు పెట్టలేదేంటండీ? లోపల చెయ్యి పెట్టాల్సొస్తే?” అని భార్య అడిగింది.

“తలుపన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. నా పనిలో అలాంటిది ఉండదు.”

కాపాడడమంటే మూసేయడమే అనుకునేవారికి ఒక సౌకర్యం ఉంది. మళ్ళీ చూడనక్కరలేదు.

చెల్లెలు షెడ్డుకు వచ్చింది. “అన్నయ్యా, నా మొక్కలకీ ఇలాంటివి చేసిపెట్టవూ? ఇనుము నేనే తెచ్చుకుంటాలే.”

“నీకెందుకే ఇనుము? సూదీ దారం ఉన్నాయిగా. వాటికి గౌన్లు కుట్టు!”

షెడ్డులో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మళ్ళీ అడగలేదు. పాత కిటికీల దోమతెర జాలీ ముక్కలుగా కత్తిరించి, మొదళ్ళకు చుట్టి, అంచులు మట్టిలోకి తొక్కి, తీగతో కట్టుకుంది. అప్పుడప్పుడు ఆ తీగ విప్పి చూసేది. పైన మాత్రం దుప్పులు మేస్తూనే ఉన్నాయి. కొరికిన ప్రతిచోటా రెండు మూడు కొమ్మలు బలిసి వచ్చి, చెట్లు గుబురుగా, వంకరగా తయారయ్యాయి.

“మా చెల్లెలి తోట చూశారా? తాగొచ్చిన మంగలి క్షవరం చేసినట్టుంది,” అని వెల్డరు కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. అతని మొక్కలు బోనుల్లో నిటారుగా, సన్నగా పెరిగాయి.

మరుసటి ఏడు ఆకు రాలాక, కొమ్మలు కత్తిరించే పని మీద అంట్లు కట్టే ముసలాయన వాలుకు వచ్చాడు. బోనులోకి రెండు వేళ్ళు దూర్చి గడ్డి కెలికి చూశాడు. అతని ముఖం మారిపోయింది.

“అబ్బాయ్, ఈ బోను కోసెయ్.”

“ఎందుకు?”

“ముందు కోయవయ్యా!”

కోసి గడ్డి లాగితే చుంచెలుకలు నలువైపులా పరుగెత్తాయి. మొదలు చుట్టూ బెత్తెడు మేర బెరడు లేదు. లోపలి కర్ర ఎముకలా తెల్లగా ఉంది. ఏ బోను కోసినా అంతే.

“దుప్పి రాకుండా కట్టావు, బాగుంది. పిల్లీ గుడ్లగూబా కూడా రాకుండా కట్టావు కదయ్యా! పరుపేసి మరీ ఇచ్చావు. చుంచులకి ఇంతకన్నా మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు?”

వెల్డరు బెరడు పోయినచోట వేలితో తడిమాడు. ముసలాయనే మళ్ళీ అన్నాడు: “దారి ఉంది. మొగ్గ విచ్చకముందే, పోయిన బెరడుకు కిందా పైనా కలిసేలా కొమ్మలు వంతెనలా అంటుకడితే వాటి మీదుగా రసం నడుస్తుంది. నీ మొక్కల కొమ్మలు చీపురుపుల్లల్లా ఉన్నాయి, పనికిరావు. మీ చెల్లెలి చెట్లకు మాత్రం వేలెడు లావువి బోలెడున్నాయి. దుప్పుల పుణ్యం.”

సాయంత్రానికి చెల్లెలు రెండు సగాల మధ్య గట్టు మీదికి వచ్చింది.

“కొమ్మలు కావాలటగా?”

“ఎవరన్నారు?”

“నువ్వే అనాలి. నోరు తెరిచి ఒక్కమాట అడుగు అన్నయ్యా, కావలసినన్ని కోసుకుపో.”

“అడక్కపోతే ఇవ్వవా?”

“నేను అడిగాను. ఏమన్నావో గుర్తుందా?”

అతను గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆమె నాలుగు కొమ్మలు కోసి అన్న గుమ్మంలో పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. దయకు కూడా ముందు తన బాకీ తీరాలి కాబోలు. అలాంటి దయను ఏమని పిలవాలో తెలియదు.

మొగ్గలు ఉబ్బుతున్న రోజుల్లో భార్య బతిమాలింది. “వెళ్ళి అడగండి. మీ చెల్లెలేగా, పరాయిదా?”

“పరాయిదైతే అడిగేవాణ్ణి.”

“పోనీ, నేను అడుగుతా.”

“నువ్వు అడిగితే నేనడిగినట్టే. వద్దు.”

తర్వాత మొగ్గలు విచ్చాయి. కాండంలో దాచుకున్న రసంతో అతని మొక్కలు కూడా చిగిర్చాయి. “చూశావా, ఏమైంది వీటికి?” అని అంట్లు కట్టే ఆయనను నడివీధిలో నిలదీశాడు. ముసలాయన జాలిగా చూసి తప్పుకున్నాడు. ఎండలు ముదిరేసరికి ఆకులు వాడి, వేలాడి, రాలాయి.

అతను మొక్కలన్నీ పీకి వాలు మీదే తగలబెట్టాడు. బోనులు పెకలించి షెడ్డు వెనక పేర్చాడు. చెల్లెలికి ఇద్దామని భార్య అంటే వద్దన్నాడు. తన సగంలో ఆ తర్వాత ఏమీ నాటలేదు.