కాలు కాలని మిద్దె

నేను రెండు మాటలు చెబితే అందులో ఒకటిన్నర కల్పన. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ తగాదాకు రావద్దు.

మా ముత్తుకూరుకు ఎండ చుట్టపుచూపుగా రాదు, కాపురానికే వస్తుంది. మా మిద్దె మీద వాలిన కాకి కాలు మార్చి కాలు ఎత్తుతూ మమ్మల్ని తిడుతుంది. ఆ కప్పు కిందే మా పడకగది. పోయిన వేసవికి ముందు మా ఆవిడ తేల్చేసింది.

"ఈ ఏడు గూడా ఆ గది ఇట్నే ఉడికితే నేను తడలో మా అక్క కాడికి పోతా. వానలు పడేదాకా మీరే వండుకొని తినండి."

నా వంట ఒకసారి నేనే తిన్నాను. ఇంకా బతికున్నది పూర్వజన్మ సుకృతం. అందుకే సున్నంలో జిగురు కలిపి, పొడుగు కర్రకు కుంచె కట్టి, మిద్దెంతా పూత మీద పూత వేశాను. ఆ తెలుపు చూసి పులికాటు కొంగలు సిగ్గుతో తల తిప్పుకొని పోయాయి. గది ఎంత చల్లబడిందంటే మా ఆవిడ దుప్పటి అడిగింది.

అయితే ఎండాకాలం మా వీధి వడియాలన్నీ ఎండేది మా మిద్దె మీదే. ఆ హక్కు ఎవరూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి అక్క పొద్దున పెట్టిన వడియాలు తిరగేసి చూసి నన్ను పైకి పిలిచింది.

"ఏందబ్బయా, మిద్దెకేం జేసినావు? అడుగున తడి ఆరలా."

"సున్నం కొట్టినానక్కా. ఇల్లు చల్లంగా ఉంటాదని."

"నీ ఇల్లు చల్లంగుంటే వడియాలెట్ల ఎండతాయి?" అని చెప్పులు విడిచి నడిమధ్యన నిలబడింది. "చూడు, కాలు గూడా కాలడంలా. ఇదొక మిద్దేనా?"

"ఇప్పుడేం జెయ్యమంటావు?"

"గీకెయ్. అంతా వద్దులే, కొబ్బరి చెట్టు నీడ పడని పక్క గీకు, చాలు."

నీడ పడని పక్కంటే సరిగ్గా పడకగది నెత్తి. కింద మనిషి, పైన వడియం ఒకేసారి సుఖపడే కప్పును లోకంలో ఇంకా ఎవరూ కట్టలేదు. తాపీ పట్టుకొని గీకాను. కొట్టినప్పుడు మిద్దెకు పట్టిన సున్నం, గీకినప్పుడు నాకు పట్టింది.

వడియాలు గలగలమని ఎండాయి. గది మళ్లీ ఉడికింది. మా ఆవిడ తడకు పోలేదు, మంచం మాత్రం వంటింట్లోకి మార్చుకుంది. అక్కడి కప్పు తెల్లగానే ఉంది కదా. పడకగది మొత్తం నాకే వదిలేసింది, పెద్ద మనసు.

ఇక కల్పన సంగతి. కొంగల గురించి మీకెలాగూ తెలుసు. అసలు అబద్ధం పక్కింటి అక్క. ఆ వారం ఆమె ఊళ్లోనే లేదు. ఆ వడియాలు పెట్టిందీ, చెప్పులు విడిచి నిలబడిందీ, గీకించిందీ మా ఆవిడే. రోజూ అన్నం పెట్టే మనిషి మీద ఇంత మాట రాయాలంటే మధ్యలో ఒక పక్కిల్లు అవసరం.