తెల్లగోచీకి ఒక్క గెలుపు

పదిహేనో ఏట ఉత్తరాన చేపల రేవు నుంచి తోక్యో తాలింఖానాకు వచ్చిన హతనాకా మికియో, ముప్పైమూడు నిండినా ఇంకా కుర్రాళ్ల మధ్య, అందరూ పడుకునే హాల్లోనే పడుకునేవాడు. గోదాలో వాడి పేరు తోమారిగవ. పేరు గంభీరంగానే ఉంది, ఏం లాభం! సుమోలో పై రెండు తరగతులకు ఎక్కిన వస్తాదుకే జీతం, సొంత గది, సాధనలో తెల్లగోచీ, వీపు రుద్దడానికి సేవకులుగా కింది తరగతులవాళ్లు. ఎక్కనివాడికి నల్లగోచీ, వంటింటి పొయ్యి. అలాంటివాడు పెళ్లీ కాపురం అంటే తాలింఖానా అంతా పడీపడీ నవ్వుతుంది. మికియో పద్దెనిమిదేళ్లుగా నల్లగోచీలోనే ఉన్నాడు. అందరికీ పులుసు కాచేది కూడా వాడే.

ఆ పులుసులోకి సోయా పాలతో చేసే తోఫు తెచ్చేది ఫుసాయె. సందు చివర కొట్టు ఆవిడది. ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున్నే బకెట్టు మోసుకొచ్చి, వంటింటి గడప మీద కాసేపు కూర్చుని మికియోను నాలుగు తిట్టి వెళ్లేది. ఆ తిట్లు పడని రోజు వాడికి పులుసులో ఉప్పు కూడా కుదిరేది కాదు.

జనవరి పోటీలకు ముందు ఆవిడ తేల్చి చెప్పేసింది.

“నాకు ముప్పయ్యారొచ్చాయి మికియో. ఈసారి గెలిచి తెల్లగోచీ కట్టావా, పెళ్లి. కట్టలేదా, కుస్తీ మానేసి ఆ సిగ కత్తిరించుకునొచ్చి నా కొట్లో సోయా రుబ్బు, అప్పుడూ పెళ్లే. ఏదైనా నాకు సరే. ఇలా మధ్యలో వేలాడ్డం మాత్రం ఇక నా వల్ల కాదు.”

“ఓడినా చేసుకుంటావా?”

“చెప్పాగా! చెవులకి కూడా కొవ్వు పట్టిందా ఏంటి?”

“అయితే ఓడితే ఆ రోజే గురువుగారికి చెప్పేస్తా. ఒట్టు,” అన్నాడు మికియో.

ఆ పోటీల్లో వాడిది మూడో తరగతిలో మొట్టమొదటి స్థానం. ఉన్నవి ఏడు కుస్తీలు, నాలుగు గెలిస్తే చాలు. ఆరు అయ్యేసరికి మూడు గెలిచాడు, మూడు ఓడాడు. ఏడోది కిరినోమినెతో. తమ తాలింఖానాల కూటమిలోనే ఇంకో తాలింఖానా వాడు, ఇరవైరెండేళ్ల వాడు. వాడిదీ అదే లెక్క. గెలిచినవాడు పైకెక్కుతాడు.

కిరినోమినె తల వంచుకుని దూకాడు. మికియో పక్కకు తప్పుకుని, వాడి మెడ వెనక ఒక్క చరుపు చరిచి కిందికి నొక్కేశాడు. కుర్రాడు బోర్లా పడ్డాడు. రిఫరీ విసనకర్ర చాచి గెలుపు మికియోదని చూపించాడు. ప్రేక్షకుల్లో పై వరసలో ఫుసాయె లేచి నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో గోదా పక్కన కూర్చున్న ఐదుగురు తీర్పరుల్లో ఒకాయన చెయ్యెత్తాడు. ఐదుగురూ పైకెక్కి గుసగుసలాడుకున్నారు. “పడగొట్టేటప్పుడు తోమారిగవ చెయ్యి అవతలివాడి సిగ పట్టుకుంది. అది నిషేధం. కిరినోమినె గెలిచాడు,” అన్నాడు పెద్దాయన.

పట్టుకోలేదు. తగిలిందేమో. కానీ గోదాలో వస్తాదు నోరు విప్పకూడదు, మొహం కూడా చిట్లించకూడదు. మికియో వంగి దండం పెట్టి దిగిపోయాడు.

దిగుతున్నప్పుడు తీర్పు మీద కోపంగా ఉన్నా లోపలెక్కడో కాస్త తేలిగ్గానే ఉంది. ఎలా అయినా పెళ్లే కదా! సాయంత్రం గురువుగారు పిలిచేలోపు చెప్పాల్సిన మాట పదిసార్లు గొణుక్కున్నాడు. ‘ఇంక సెలవిప్పించండి.’ రెండే రెండు మాటలు.

గురువుగారి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన వాడికేసి చూడనైనా చూడలేదు.

“కిరినోమినె పైకెక్కాడు. వాళ్ల తాలింఖానాలో ఉన్నవాళ్లంతా పసికూనలు, పెద్ద వస్తాదుకి గోచీ కట్టడం ఒక్కడికీ చేతకాదు. మనదీ వాళ్లదీ ఒకే కూటమి కదా, అనుభవమున్న సేవకుణ్ణి పంపమని అడిగారు. నువ్వెళ్లు.”

“అలాగేనండి,” అంది మికియో నోరు.

పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలో ఆ నోటికి ఇంకో మాట తెలీదు. పక్కటెముక విరిగినా గోదాలోకి దిగమంటే అలాగేనండి. తండ్రి చచ్చిపోయినా పోటీలు అయ్యాకే వెళ్లమంటే అలాగేనండి. బయటికొచ్చి తలుపు జరిపాక గానీ ఏమన్నాడో వాడికే తెలిసిరాలేదు. అప్పుడైనా తలుపు తీసి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు. ఎవడడ్డమొచ్చాడు? వెళ్లలేదు, వెధవ.

మర్నాడు పొద్దున్న ఫుసాయె నవ్వుతూ వచ్చింది. “తీర్పు సంగతి వదిలెయ్. సిగ ఎప్పుడు తీస్తున్నారు?”

“ఇంకొన్నాళ్లు ఉండాలి. కిరినోమినెకి సేవకుడిగా పంపుతున్నారు.”

“నీ నోటి దగ్గర కూడు లాక్కున్నవాడి వీపు రుద్దడానికా?”

“గురువుగారు అడిగారు, ఫుసాయె.”

“నేనూ అడిగానుగా,” అంది. బకెట్టు దించి, తోఫు ముక్కలు నీళ్లలోకి జారవిడిచి వెళ్లిపోయింది. తర్వాతి రోజు నుంచి తోఫు వేరే కొట్టు నుంచి వచ్చింది.

మార్చిలో ఒసాకా పోటీలు. స్నానాల గదిలో మికియో కిరినోమినె వీపు రుద్దుతున్నాడు. తనకంటే పదకొండేళ్లు చిన్నవాణ్ణి ‘మీరు’ అనాలి మరి, తరగతి ముందు వయసెంత! కుర్రాడు మంచివాడే. మంచివాడు కావడమే మికియోకి ఒళ్లుమంట.

“తోమారి అన్నా, ఆ రోజు నువ్వు నా సిగ లాగినట్టు నాకస్సలు తెలీలేదు. నువ్వే గెలిచావు. చెప్పాలనే ఉంది, కానీ అక్కడ మనం మాట్లాడకూడదుగా. నా మీద కోపంగా ఉందా?”

“మీ మీదెందుకండీ? ఆ రోజు ఓడినా నాకు పెళ్లయ్యేది.”

“మరెందుకు కాలేదు?”

మికియో చెయ్యి ఆగింది. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, చెంబెడు నీళ్లు కుర్రాడి వీపు మీద పోశాడు.

“తోమారీ! గోచీ సిద్ధమేనా?” బయటి నుంచి కిరినోమినె గురువు కేకేశాడు.

“సిద్ధమండీ!” అన్నాడు మికియో ఠక్కున.