వేరని చెప్పిన పువ్వు

అసలు వార్త మొదటి వాక్యంలోనే చెప్పేయాలని ఉంది. కానీ ఏ వార్తనైనా పండకముందే అందరికీ పంచిపెట్టడం మా ఇంటి జబ్బు. దానివల్ల ఒకసారి నవ్వులపాలయ్యాను కాబట్టి ఈసారి వరసగానే చెప్తాను.

జబ్బు నాన్న నుంచి వచ్చింది. ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో టెంట్‌హౌస్ ఉంది. ముందు షామియానా వేసి, కారణం తర్వాత చెప్పే మనిషి. నేను బీఎస్సీ బోటనీ పాసైనప్పుడు, మా చుట్టాలందరిలో అదే మొదటి డిగ్రీ అన్న సంతోషంలో, కాప్రాలోని మా ఇంటి ముందు పొద్దున్నే షామియానా లేపి కుర్చీలు దింపించాడు. సౌండ్ బాక్సులేమో ఆరోజు ఎవరి పెళ్లికో వెళ్లాయి. పాటల్లేకుండా తెల్లారేసరికి ఇంటి ముందు షామియానా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? పక్కింటి ఆంటీ కళ్లొత్తుకుంటూ వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. వాళ్లది కాకినాడ వైపు.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగింది.

"శాన కష్టపడి చదివిందక్కా," అంది అమ్మ.

డిగ్రీ అలా వచ్చింది. ఉద్యోగం మాత్రం బేగంపేటలో, ఒక ఆఫీసులో బిల్లులు సరిచూసే పని. నేను చదివిన చదువుకు అక్కడ సంబంధించిందేదైనా ఉందంటే అది రిసెప్షన్‌లో పెట్టే ఆర్కిడ్ కుండీలే. పూలు రాలిపోగానే వాటిని మొక్కలతో సహా పారేస్తారు. అలా పారేయబోతున్న మూడింటిని అడిగి తీసుకుని, మెట్రోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నాన్న షాపులో వంగిపోయిన పైపులు, ఆకుపచ్చ నీడవల, పక్కలకు ప్లాస్టిక్ షీటు తెచ్చి డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబెట్టాం. దాన్ని నేను గ్రీన్‌హౌస్ అన్నాను. నాన్న టెంటు అన్నాడు. అమ్మ మాత్రం "నా దండెం జాగా" అంది, ఎందుకంటే అంతకుముందు అక్కడ ఆవిడ బట్టలారేసుకునేది.

మట్టి లేకుండా బొగ్గు ముక్కల్లో, చెక్క బెరడులో నాటుతుంటే నాన్న చాలాసేపు చూసి, ఇది చెట్టా కబాబా అని అడిగాడు. అమ్మ నవ్వలేదు.

"ఉగాది దాకా చూస్తా," అంది. "పువ్వొస్తే సరే. రాకుంటే నీ టెంటు పీకిచ్చి నా దండెం కట్టిచ్చుకుంటా."

నవ్వుతూ ఒప్పుకున్నాను గానీ లోపల భయమే. నా బోటనీ అంతా ఆ డాబా మూలలోనే మిగిలింది మరి. అది పోతే నాకు మిగిలేవి బిల్లులే.

వానాకాలంలో ఒక మొక్కకు ఆకుల కిందనుంచి ఆకుపచ్చ కొన పొడుచుకొచ్చింది. పూల కాడ వచ్చేసిందని ఎగిరాను. ఫోన్‌లో స్టేటస్ పెట్టాను. గల్లీ అంతా జిలేబీ పంచాను. కాడ వంగకుండా పుల్ల పాతి, మెత్తటి దారంతో కట్టాను. అది మాత్రం రోజురోజుకూ పుల్ల నుంచి మొహం తిప్పుకుని, తెల్లటి పొర కప్పుకుని, నింపాదిగా కిందికి దిగి బొగ్గుల్లో దూరింది. వేరు. పరీక్షలో అడిగితే రెండు పేజీలు రాయగలిగిన తేడా, కళ్లముందుంటే కనిపించలేదు.

"వేరుకు జిలేబీ పంచినోళ్లను నేనైతే చూడలే బిడ్డా," అన్నాడు నాన్న. "రేపు ఆకొస్తే బిర్యానీ పెట్టు."

అప్పట్నుంచి ఆంటీ గోడ అవతలినుంచి నా యోగక్షేమాలు అడగడం మానేసి, "మీ వేరు బాగుందా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది.

చలికాలంలో రాత్రిళ్లు చల్లబడ్డాక మరో కొన వచ్చింది. ఈసారి మొన వేరుకున్నట్టు నున్నగా లేదు. బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగులా చిన్న మడతతో ఉంది, అంటే పూల కాడే. నేను వారం రోజులు నోరు కుట్టుకుని, ఇక ఆగలేక అమ్మకు మాత్రం చూపించాను. ఆవిడ వంగి చూసింది. చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"మూడో నెల దాటేదాకా ఎవ్వరికి చెప్పకు. మీ నాయనకు సుత."

కడుపుతో ఉన్నవాళ్లకు పెట్టే నియమమే మా మొక్కకూ పెట్టింది. నాకది ఎంత తక్లీఫో చెప్పలేను. ఆఫీసులో టీ తాగేటప్పుడు ఎవరైనా ఏంటి విశేషాలు అంటే పెదవి కరుచుకునేదాన్ని. ఇంట్లోనూ నెమ్మది లేదు. ఆంటీ కరివేపాకు కోసమని మా డాబా ఎక్కేది, వాళ్ల పెరట్లో నిలువెత్తు చెట్టుండగా. నాన్న పైపుల బోల్టులు చూడాలంటూ చాయ్ గ్లాసుతో పైకొచ్చి, బోల్టుల వైపు తప్ప అన్నివైపులా చూసేవాడు. నేను వాళ్లకు అడ్డంగా నిలబడి వాతావరణం గురించి మాట్లాడేదాన్ని.

కాడకు అయిదు మొగ్గలు తొడిగాయి. ఇంతలో గాలి పొడిబారింది. ఒక మొగ్గ పసుపు తిరిగి నా అరచేతిలో రాలింది. గోనెసంచులు తడిపి పరిచాను, తొట్టెల్లో నీళ్లు పెట్టాను. పగలంతా ఆఫీసులో ఉండి ఆ నీళ్లు ఎన్నిసార్లని పోయగలను? తేమ నిలవట్లేదని రాత్రి అన్నం తింటూ అమ్మతో అన్నాను. మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే గ్రీన్‌హౌస్ నిండా తడి చీరలు.

"నీ చెట్టుకు తేమ, నా బట్టలకు జాగా," అంది అమ్మ. "గంత పరేషాన్ ఎందుకే?"

ఆ తర్వాత మొగ్గ రాలలేదు. మా బట్టలు కూడా సరిగ్గా ఆరలేదు. చాలా రోజులు కొంచెం చెమ్మ కుర్తాతోనే మెట్రో ఎక్కాను.

అలాంటి ఒక సాయంత్రం గేటు దగ్గర ఆంటీ నన్ను ఆపి, ఎంతో బాధగా, "ఇంకా నాలుగే ఉన్నాయా అమ్మా మొగ్గలు?" అంది.

నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. అమ్మ ఉల్లిగడ్డ కోస్తోంది, తలెత్తలేదు.

"నేను పువ్వని ఎవ్వరికి చెప్పలే," అంది. "మల్ల వేరే వచ్చిందని చెప్పిన. దిష్టి తగలొద్దని."

గల్లీ అంతా చెప్పిందట. దాంతో జిలేబీ తిన్న ప్రతివాళ్లూ, నేను ఆఫీసుకు వెళ్లగానే మా రెండో వేరును చూసి పోతున్నారు. దానికి మొగ్గలున్నాయని అందరూ చూశారు. వేరు కాదని ఒక్కరూ అనలేదు. అమ్మ మాట తీసేయడం బాగుండదని ఒక కారణం, నేను అడ్డంగా నిలబడి వాతావరణం గురించి చెప్పే తీరు ముచ్చటగా ఉందని ఇంకో కారణం. ఈ రెండోది ఆంటీయే చెప్పింది.

ఇప్పుడు వార్త. ఉగాదికి కొన్నాళ్ల ముందు, ఒక ఆదివారం పొద్దున, మొదటి మొగ్గ విచ్చుకుంది. తెల్లటి రేకులు, గొంతు దగ్గర పసుపు, దానిమీద ఎర్రటి చుక్కలు. నాన్న చాయ్ చల్లారిపోయేదాకా దాన్నే చూశాడు.

"గీ వేరు వేరే ఉంది బిడ్డా," అన్నాడు.

పండగ రోజు పచ్చడి తిన్నాక ఆయన స్పానర్ తీసుకుని పైకొచ్చాడు. గడువు నేను మర్చిపోలేదు. పువ్వొచ్చింది కదా అని గుర్తు చేద్దామనుకుంటూ కుండీలకు అడ్డంగా నిలబడ్డాను. పీకాల్నా, ఉంచాల్నా అని నాన్న అమ్మను అడిగాడు. అమ్మ చీరలు పక్కకు జరిపి, నాలుగు పూలనూ ఒకసారి చూసుకుంది.

"ఇటు దిక్కు జెర పెంచు," అంది. "చీరెలకు జాగ సాలుతలేదు."

పెంచాడు. మిగిలిన పైపులు కూడా వంగినవే.

రెండో కుండీలోనూ ఇప్పుడు ఏదో కొన వచ్చింది. మొన నున్నగా ఉందో, మడత పడిందో చూశాను, నాకు తెలుసు. ఎవరడిగినా ఇంటిల్లిపాదీ వేరనే చెప్తున్నాం.